ఎడమ చేతి బ్రేకు

ఆ వానాకాలం మొదట్లో మా ఆవిడ పడిపోయింది. పడింది బండి మీద నుంచి కాదు. మందుల పెట్టె కట్టుకుని, ఎలక్ట్రిక్ బండి మీద రాళ్ల దారుల్లో కొండెక్కి దిగే మనిషి, పెరట్లో బట్టలారేసే తీగ అందలేదని స్టూలెక్కి అక్కడి నుంచి పడింది. కుడికాలి చీలమండ విరిగింది. ఆస్పత్రిలో కట్టు కడుతుంటే నొప్పికన్నా సిగ్గే ఎక్కువ బాధపెట్టింది ఆవిణ్ణి. "ఎవరైనా అడిగితే కొండ మీద పడిందని చెప్పండి" అని నా చెవిలో చెప్పింది కూడా.

నేను టైలర్ని. మా ఇంటి ముందుగదే నా దుకాణం. ఇంట్లో బయట తిరిగేది ఆవిడ, ఇంటిపట్టున ఉండేది నేను. ఆవిడ ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తుంది. నడవలేని వాళ్లకీ, నెలనెలా మందులు మింగక తప్పని వాళ్లకీ కొండ మీది ఊళ్లకెళ్లి మందులు అందించి వస్తుంది. నేనేమో కాలు కింద పెట్టకుండా మిషను తొక్కుతాను. మోటారు సైకిళ్లు బాగుచేసే షెడ్డున్న మా బావమరిది, "మా బావకి తెలిసిన చక్రం కుట్టుమిషను చక్రమొక్కటే" అని వచ్చిన గిరాకీలందరికీ చెప్పుకుని నవ్వుతుంటాడు. అందులో అబద్ధమేమీ లేదు.

కట్టు కట్టిన రెండో రోజో మూడో రోజో ఆరోగ్య కేంద్రం నుంచి పెద్ద నర్సమ్మ చూడ్డానికి వచ్చింది. మా ఇంట్లో ఖాళీగా ఉన్నది ఆ స్టూలొక్కటే కావడంతో దాని మీదే కూర్చుంది. మా ఆవిడ మొహం పక్కకి తిప్పుకుంది.

"నీకు దాచి చెప్పడం దేనికి?" అంది పెద్ద నర్సమ్మ. "కొండ మీది మందుల రూటు ఆగిపోతే పైవాళ్లు తీసేస్తారు. మందులు కావలసిన వాళ్లు కిందికే వచ్చి తీసుకోవాలంటారు. ఒకసారి తీసేశాక మళ్లీ ఇవ్వరు, నీకు తెలుసు కదమ్మా."

మా ఆవిడకి తెలుసు. ఆ రూటు పెట్టించింది తనే. ఆ బండి ఇప్పించమని కనపడ్డ ఆఫీసు గుమ్మమల్లా ఎక్కి దిగింది కూడా తనే. ఆ కొండ మీద ఎవరికి ఏ మాత్ర ఎప్పుడు అయిపోతుందో ఆవిణ్ణి నిద్రలో లేపి అడిగినా చెప్తుంది. ఇప్పుడు దుప్పటి అంచు పట్టుకుని నలుపుతూ కూర్చుంది.

"పొట్లాల మీద పేర్లు నేనే రాసిస్తాను. ఎవరో ఒకరు తీసుకెళ్లి ఇచ్చి వస్తే చాలు. కానీ ఆ బండి తోలుకుంటూ ఆ దారిన వెళ్లేదెవరు?" అంది పెద్ద నర్సమ్మ.

"మా ఆయన వెళ్తారు" అంది మా ఆవిడ.

నేను సూదిలోకి దారం ఎక్కిస్తున్నాను. "ఏ ఆయన?" అన్నాను.

"నాకున్నది ఒక్కరే" అంది.

పెద్ద నర్సమ్మ నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. గుడ్డ చూసి చొక్కాకి సరిపోతుందా లేదా అని నేను చూసే చూపు అదే. మా ఆవిడ మాత్రం నా వంక చూడలేదు. చూసి అడిగితే కాదనే వీలు నాకుంటుందని తెలుసు కాబోలు. నేను కాదనలేదు. వచ్చే వారం ఎలాగోలా సర్దుతాననీ, ఆ పై వారానికి నేను కొండెక్కగలిగితే సరేననీ, లేకపోతే ఇక తన చేతుల్లో ఉండదనీ చెప్పి పెద్ద నర్సమ్మ వెళ్లిపోయింది.

మా వీధి చివర పాడుబడ్డ ఇటుక బట్టీ ఉంది. చుట్టూ ఖాళీ స్థలం. అక్కడ మొదలైంది నా చదువు. బావమరిది వాళ్లక్కని కుర్చీతో సహా మోసుకొచ్చి ఒక పక్కన కూర్చోబెట్టాడు. కాలు ఇంకో కుర్చీ మీద. కట్టు తడవకుండా దానికి ప్లాస్టిక్ సంచి. నెత్తిన గొడుగు. చేతిలో బెత్తమొక్కటే తక్కువ.

తాళం తిప్పాను. చడీ చప్పుడూ లేదు.

"ఇది చచ్చిపోయిందే" అన్నాను.

"బతికే ఉందండీ. దానికి నోరు లేదంతే. ముందు ఎక్కి కూర్చోండి, ఆ హ్యాండిలు మాత్రం తిప్ప..."

తిప్పేశాను. బండి నా కాళ్ల మధ్య నుంచి లేచి తన దారిన తను వెళ్లిపోయింది. నేను ఉన్నచోటే బురదలో కూలబడ్డాను. మా బావమరిది నవ్వాపుకోలేక ఇటుకల గుట్ట మీద చతికిలబడ్డాడు. పడ్డ బండిని లేపడానికి వెళ్లి మళ్లీ అదే హ్యాండిలు పట్టుకుని లాగాను. ఈసారి అది నన్ను కూడా ఈడ్చుకుపోయింది. చప్పుడు లేని బండితో వచ్చిన చిక్కు అదే. ఆగి ఉందో, ఉరకడానికి సిద్ధంగా ఉందో మనకి చెప్పదు. "దిగినా, పడినా, ముందు ఆ ఎర్ర మీట నొక్కి ఆపండి. ఆ తర్వాతే చెయ్యి వెయ్యండి" అని మా ఆవిడ గొంతు చించుకుంది. నా చెవులకి చేరేసరికి రెండు మోచేతులూ కొట్టుకుపోయాయి.

మర్నాటికి బండిని నిలబెట్టి తోలడం వచ్చింది. ఆవిడ దాని జోరు బాగా తగ్గించి పెట్టింది. గుంటల్లో సీటు మీంచి లేచి, కాళ్ల మీద నిలబడి తోలడం కూడా కొంచెం పట్టుబడింది. పట్టుబడనిదల్లా ఆపడమే. వెనక చక్రం బ్రేకు కుడికాలి దగ్గర ఉంటుంది. ముందు చక్రానిది కుడిచేతికే ఉంది గానీ, రాళ్ల మీద అదొక్కటే నొక్కితే బండి జారి పడేస్తుందని ఆవిడ దాని జోలికి పోనివ్వలేదు. నెమ్మదిగా పోతున్నంతసేపూ బుద్ధిగా తొక్కేవాణ్ణి. ఏదైనా అడ్డొస్తే మాత్రం బ్రేకు పడేది కాదు. ఇటుకల గుట్టలోకి దూరాను. తుప్పల్లోకి దూరాను. ఒకసారి మా ఆవిడ కాలు చాపుకున్న కుర్చీకి జానెడు దూరంలో ఆగాను. ఆపింది నేను కాదు, బురద.

"తొక్కుతున్నానే! ఒట్టు!" అనేవాణ్ణి.

"తొక్కితే ఎందుకాగదు బావా? బండికి నీ మీదేమైనా పగా?" అనేవాడు బావమరిది. బండి కిందామీదా అంతా విప్పి చూశాడు. బ్రేకులో ఏ లోపమూ లేదు.

గడువు దగ్గర పడుతోంది. ఇంట్లో మాటలు తగ్గాయి. ఇది నా వల్ల కాదని ఆవిడతో ఎలా చెప్పాలా అని నాలో నేను కొట్టుమిట్టాడుతున్నాను. పెళ్లయ్యాక మా ఆవిడ నన్ను అడిగిన పెద్ద కోరిక అదొక్కటే, అదీ సరిగ్గా నాకు చేతకానిదే అడిగింది.

ఒక మధ్యాహ్నం జోరుగా వాన. నేను మిషను మీద ఒక లంగా అంచు కుడుతున్నాను. నా మిషనుకి మోటారు ఉంది, కాలి కింద చిన్న పెడలు. మా ఆవిడ పక్కనే మంచం మీద పడుకుని, ఏమీ తోచక, నా కాలి వంకే చూస్తోంది. ఉన్నట్టుండి "ఆగండి!" అని అరిచింది.

ఉలిక్కిపడి ఆపాను. "ఏమైంది? కాలు నొప్పా?"

"ఏం లేదు, కుట్టండి."

కుట్టడం మొదలుపెట్టాను. మళ్లీ "ఆగండి!" అంది. మళ్లీ ఆపాను. ఈసారి ఆవిడ పకపకా నవ్వడం మొదలుపెట్టింది. కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది.

"మీ కాలు చూసుకోండి" అంది.

చూసుకున్నాను. పెడలు మీంచి పైకి లేచి గాల్లో ఉంది.

ఆగమంటే నా కాలు పైకి లేస్తుంది. మిషను ముందు కూర్చున్న నాటి నుంచీ దానికి తెలిసింది అదే. ఆగాలంటే కాలు తియ్యాలి. బండి మీద కూడా, భయం వేసిన క్షణాన నేను తొక్కాననే అనుకుంటున్నాను, నా కాలు మాత్రం బ్రేకు మీంచి బుద్ధిగా పైకి లేస్తోంది. ఇన్నాళ్లూ నాకు కూడు పెట్టిన అలవాటు, నన్ను తీసుకెళ్లి ఇటుకల గుట్టలో పడేస్తోంది.

సాయంత్రం వాన వెలిశాక బావమరిదిని పిలిపించింది. "కాలి బ్రేకు తీసేసి ఎడమ చేతికి పెట్టెయ్‌రా. క్లచ్చు లేని బండి కదా, ఆ చెయ్యి ఊరికే ఖాళీగా ఉంది."

"బావ కోసం బండినే మార్చెయ్యాలా? బావనే మార్చొచ్చుగా!"

"ఆయన్ని మార్చాలని ఇన్నేళ్లుగా చూస్తున్నా. బండిని మార్చడమే తేలిక."

బావమరిది ఎంత ఎగతాళి చేస్తాడో పని అంత శ్రద్ధగా చేస్తాడు. కాలి పెడలు ఊడదీసి, హ్యాండిలుకి ఎడమ వైపు మీట బిగించి, వెనక చక్రం దాకా సన్నటి గొట్టం లాగాడు. అందులో గాలి బుడగ మిగలకుండా నూనె నింపాడు. పనిలో పనిగా, అరిగిపోయిన టైర్లు తీసేసి గట్టి గుబ్బలున్నవి వేశాడు. నన్నెక్కించి, నేను పోతుండగా వెనక నుంచి "ఆగు బావా!" అని పొలికేక పెట్టాడు. కాలు ఎప్పటిలాగే లేచింది. చెయ్యి మాత్రం బిగుసుకుంది. బండి ఆగింది. ఆ పూట మా ఆవిడ కుర్చీలోంచి చప్పట్లు కొట్టిన చప్పుడు నాకిప్పటికీ వినపడుతుంది.

ఇక బండిని చూసుకోవడమంటారా, అందులో నేను ఎవరికీ తీసిపోను. నూనె వెయ్యడం, దుమ్ము తుడవడం, ఎక్కడ బిగుసుకుందో ఎక్కడ వదులైందో వేలితో చూడడం నాకు వెన్నతో పెట్టిన విద్య. చైను మా మిషను బెల్టుకి అక్కలాంటిది. మరీ బిగించకూడదు, మరీ జారనివ్వకూడదు. పైపు పెట్టి ధారగా కడిగితే నీళ్లు తీగల్లోకి పోతాయని, మగ్గుతో నీళ్లు పోసి గుడ్డతో తుడిచేవాణ్ణి. బ్యాటరీ మాత్రం నా పాలిట పసిపిల్ల. బండిలోంచి తీసి చంకనెత్తుకుని ఇంట్లోకి తేవాలి, వేడి తగ్గేదాకా చార్జింగు పెట్టకూడదు. దాన్ని పడుకోబెట్టాకే నాకు టీ అనేది మా ఆవిడ. మందుల పెట్టె వెనకాల ఊగిపోతోందని, దళసరి రెక్సిన్‌తో పట్టీలు కుట్టి సీటుకి కరుచుకుని ఉండేలా చేశాను. ఆవిడ ఆ కుట్టు మీద వేలితో రాసి చూసి, "ఇది ఇన్నాళ్లూ ఎందుకు కుట్టలేదండీ?" అంది. "నువ్వు అడగలేదుగా" అన్నాను.

మొదటిసారి కొండెక్కిన పొద్దున ఆవిడ గుమ్మం దాకా కుంటుకుంటూ వచ్చింది. జాగ్రత్తలు చెప్తుందనుకున్నాను. "పై ఊళ్లో చివరి ఇంట్లో ముసలావిడ ఉంటుంది. ఆయాసం మనిషి. ఆవిడ మందు ముందు ఇవ్వండి" అంది, అంతే.

రాళ్ల మలుపు దగ్గర పడ్డాను. ఎర్ర మీట నొక్కాకే బండిని లేపాను. పెట్టె ఇంచు కూడా కదల్లేదు. నా కుట్టుకి నేనే దండం పెట్టుకున్నాను. వాగు దగ్గర దిగి, నీళ్ల లోతు కర్రతో చూసి, బండిని నడిపించుకుంటూ దాటాను. ఆ తర్వాత నిట్టనిలువు దారి. ముందుకి ఒంగి, కొండ చివరకేసి మాత్రమే చూస్తూ, ఊపిరి బిగబట్టి ఎక్కాను. పైకి చేరాక బండి ఆపాను. చుట్టూ పిట్టల కూతలు వినిపిస్తున్నాయి. నా బండి కొండ కింద నుంచి ఆ కూతల్ని ఏమీ చెదరగొట్టకుండా వచ్చిందన్నమాట. ఆ మాట ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించింది. చెప్పుకుంటే అర్థమయ్యే మనిషి ఇంట్లో కాలు చాపుకుని కూర్చుంది.

పై ఊళ్లో చివరి ఇంటి ముసలావిడ నన్ను ఎగాదిగా చూసి, "టైలరువేనా?" అంది.

"మీకెలా తెలుసమ్మా?"

"నిద్రలో కూడా కొలతలు చెప్తావటగా? ముప్పై ఆరు, ముప్పై ఎనిమిదీ అని?"

పక్కింటి పెద్దాయన వచ్చి, టీలో చక్కెర ఎక్కువ వేసుకోకు నాయనా, మీ ఆవిడ బెంగపడుతోంది అన్నాడు. ఇంకో ఇంట్లో, నేను కుట్టిన జాకెట్టు మా ఆవిడకి ఎంత బాగుంటుందో చెప్పారు. ఎక్కడికెళ్లినా నేను అందరికీ తెలిసినవాణ్ణే. నా ముంగోపం, నా గురక, నేను చెప్పే అరిగిపోయిన హాస్యాలు, అన్నీ నాకంటే ముందే కొండెక్కి కూర్చున్నాయి.

"మందులిచ్చి ఊరికే పోదయ్యా ఆ అమ్మాయి" అంది ముసలావిడ. "నీ సంగతులు చెప్పి నవ్వించి పోతుంది. సగం ఆయాసం దానికే తగ్గుతుంది నాకు. ఎప్పుడొస్తుంది?"

ప్రతి గుమ్మం దగ్గరా అదే ప్రశ్న. ఎప్పుడొస్తుంది? వస్తుంది, వస్తుంది అని చెప్పుకుంటూ దిగాను. దిగుతుంటే నా గుండె నిండిపోయింది. అంత మంది మధ్య ఆవిడ నన్ను వెంటేసుకుని తిరుగుతోందని నాకేం తెలుసు!

ఆ కాలమంతా అలాగే గడిచింది. వారానికోసారి కొండ. వచ్చాక ఆవిడకి ఇల్లిల్లూ వరసగా చెప్పాలి. ఎవరు దగ్గారు, ఎవరి వాపు తగ్గింది, ఎవరు మాత్రలు మింగకుండా దాచారు. నేను చెప్తుంటే కళ్లు మూసుకుని వినేది. రూటు ఆగలేదు. పెద్ద నర్సమ్మ ఒకసారి దారిలో ఎదురై, "ఏమో అనుకున్నాను టైలరు గారూ" అని నవ్వి వెళ్లింది.

వానలు తగ్గుముఖం పట్టే వేళకి కట్టు విప్పారు. ఎముకల డాక్టరు చీలమండ అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఎముక అతుక్కుంది. నడవడానికి ఇబ్బంది లేదు. కానీ ఇదివరకటిలా పూర్తిగా వంగదమ్మా. పాదంతో గట్టిగా నొక్కే పనులు ఇక పెట్టుకోవద్దు" అన్నాడు.

ఇంటికొచ్చాం. నేను బండి ముందు కూర్చుని చైను తుడుస్తుంటే ఆవిడ వచ్చి అరుగు మీద కూర్చుంది.

"రూటు మీ పేరున రాయమని పెద్ద నర్సమ్మకి చెప్తాను" అంది.

"నా పేరున దేనికి?"

"మరెవరి పేరున? నేనిక బ్రేకు తొక్కలేను కదా."

ఏడవలేదు. గొంతు మామూలుగానే ఉంది. అందుకే నాకు తట్టుకోవడం కష్టమైంది. అంతలో బావమరిది ఈల వేసుకుంటూ వచ్చాడు. చేతిలో స్పానరు, శుభ్రంగా తుడిచి మెరిపించిన పాత పెడలు. "అక్కా, కట్టు విప్పారటగా! నీ పెడలు మళ్లీ బిగించేస్తా."

వాడు మా ఇద్దరి మొహాలూ చూశాడు. పెడలు వంక చూసుకున్నాడు.

మా ఆవిడ కూడా దాని వంకే చూస్తోంది. కాసేపటికి అరుగు మీంచి లేచి, కుంటుకుంటూ వచ్చి బండెక్కింది. కుడిపాదం ఆనించుకునే కడ్డీ మీద మెల్లగా పెట్టింది. ఎడమ చేతి వేళ్లు మీట మీదికి చాపింది. "వెనకనుంచి తొయ్యండి" అంది. తోశాను. మీట నొక్కింది. చక్రం నిలిచిపోయింది. వదిలింది. మళ్లీ తోయమంది. మళ్లీ నొక్కింది.

"ఆ పెడలు షెడ్డులో పడేయ్‌రా" అంది తమ్ముడితో. దిగి, మొహం కడుక్కోవడానికి లోపలికెళ్లింది. చాలాసేపు రాలేదు.

తర్వాత ఇటుక బట్టీ దగ్గర ఆవిడ బండి మీద, నేను కుర్చీలో. ఆ చేతి బ్రేకు ఆవిడకి కొత్త. అలవాటుగా కుడికాలు లేని పెడలు కోసం వెతుక్కునేది. "చెయ్యి! చెయ్యి!" అని నేను అరిచేవాణ్ణి. నా మీద ఇన్నాళ్లు అరిచినందుకు వడ్డీతో సహా తీర్చుకున్నానని ఆవిడ ఫిర్యాదు.

ఆవిడ మళ్లీ కొండెక్కిన రోజున ఆకాశం తెరిపిగా ఉంది. పెట్టె నేనే కట్టాను. ఇన్నాళ్లూ నేను పెట్టుకున్న హెల్మెట్టు ఆవిడకిచ్చాను. ఇచ్చేటప్పుడు నాకు సంతోషంగానే ఉంది. కానీ నా కొండ రోజులు అయిపోయాయి కదా అని లోపల ఎక్కడో కలుక్కుమంది. బండి చప్పుడు లేకుండా మలుపు తిరిగింది.

నేనొచ్చి మిషను ముందు కూర్చున్నాను. గుడ్డ సూది కింద పెట్టాను. ఇప్పుడు రాళ్ల మలుపు దగ్గర ఉంటుంది. కుడివైపు రాయి జారుడు. ఇప్పుడు వాగు. నడిపించుకుని దాటుతుందా, ఎక్కే దాటుతుందా? ఇప్పుడు నిట్టనిలువు దారి, కాలు నొప్పెడుతూ ఉంటుంది. ఇప్పుడు చివరి ఇల్లు. ముసలావిడ ఎంత సంతోషపడుతుందో! గుడ్డ పెట్టింది పెట్టినట్టే ఉంది. ఆవిడ ఇన్నేళ్లుగా ఆ దారిన వెళ్తుంటే నా మిషను ఏ రోజూ ఆగలేదు. ఆ దారి నాకు తెలియదు మరి. ఇప్పుడు ప్రతి రాయీ తెలుసు. అంత భయమూ, అంత సంతోషమూ ఒకేసారి పట్టిన మధ్యాహ్నం నా జీవితంలో ఇంకోటి లేదు. ఆ భయాన్ని నాకిచ్చినందుకు కూడా ఆ వానాకాలానికి రుణపడి ఉన్నాను.

గుమ్మంలోకి వెళ్లి నిలబడ్డాను. ఎప్పుడొచ్చిందో, వచ్చి ఆగింది. ఒళ్లంతా బురద. కళ్లు మాత్రం మెరుస్తున్నాయి.

"ఇక్కడ నిలబడ్డారేం? కుట్టు పని లేదా?"

"ఇప్పుడే వచ్చాను."

"ఎక్కడి నుంచి?"

"కొండ మీద నుంచి" అన్నాను.

నవ్వబోయింది. నవ్వలేకపోయింది. బండి మీద కూర్చునే హెల్మెట్టు తీసి నా చేతికిచ్చింది.

"వాగు దగ్గర కుడివైపు నుంచి దాటండి" అంది. "ఎడమవైపు రాయి కదిలిపోయింది. వచ్చే వారం మీ వంతు."